అది డాన్సు కాదు సామీ!

ప్రొద్దుటూరులో తులాల లెక్కన బంగారం కొన్నా రాని లక్ష్మి, హాల్లో ఉత్తరం మూల తాబేలును పెడితే నడిచొస్తుందంట. రానీండి, కాదనడానికి నేనెవరిని?

వాస్తు వాళ్లు మొదట చెప్పింది లోహపు తాబేలు. మనవాళ్లకు అది ఆనలేదు. ప్రాణమున్నదే కావాలి, అందులోనూ నక్షత్ర తాబేలే కావాలి. పాలకొండల పొదల్లో గడ్డి మేసి బతికే మెట్ట జీవిని నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి, తల ఉత్తరానికి తిప్పుతారు. అది దక్షిణానికి తిరుగుతుంది. మళ్లీ తిప్పుతారు. ఇంటాయనకు ఇంతకు మించి పనున్నట్టు లేదు.

ఇక ఆ రీళ్లు! తాబేలు మూలకు పోయి వెనక కాళ్లతో గ్రానైటును గరగరా గీకుతుంటే దానికో సినిమా పాట. "మా లచ్చిమి ఎట్లా ఎగురుతాందో సూడు!" అయ్యా, అది ఎగరడం లేదు. గుడ్లు పెట్టడానికి గుంత తవ్వుతోంది. కింద మీరు పరిచింది రాయి కాబట్టి గోరు దిగడం లేదు. మన చక్రాయపేట మండలంలో గండి చుట్టూ ఉన్న గుట్టల్లో అయితే, వానలకు మెత్తబడిన నేలను తన మూత్రంతో ఇంకాస్త తడిపి, ఆ వెనక కాళ్లతోనే తవ్వి, గుడ్లు పెట్టి, మన్ను కప్పి తన దారిన పోయేది. మగది తోడు లేకున్నా ఆడది గుడ్లు కడుతుంది. "ఒంటిదే కదా" అనకండి.

మీ హాల్లో మన్ను లేదు, ఎండ లేదు. ఎండ తగలక ఒంట్లో కాల్షియం తగ్గుతుంది, ముక్కే బలం పోతుంది, గుడ్డు లోపలే ఆగిపోతుంది. మేత మానేస్తుంది. లోపల గుడ్డు పగిలితే చీము పట్టి చస్తుంది. ఒక తల్లి ప్రసవానికి చోటు వెతుక్కుంటుంటే పాట పెట్టి లైకులు ఏరుకుంటారా? సిగ్గుండాలి! పెట్ట గుడ్డుకొస్తే గంపలో గడ్డి పరిచే అవ్వలున్న ఊర్లివి.

ఎక్స్‌రే తీస్తే గుడ్లు కనిపిస్తాయి. కాల్షియం, ఆక్సిటోసిన్ సూది, అదీ కాకుంటే ఆపరేషన్. కానీ పశువుల డాక్టరు దగ్గరికి పోరు, దిష్టి తీస్తారు. పోతే దొరికిపోతామని భయం. భయపడాల్సిందే: వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఈ తాబేలు మొదటి షెడ్యూల్‌లోకి ఎక్కింది, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు.

విదేశీ ఇగ్వానాలు, బాల్ పైథాన్‌లు పెంచే నగరం బాబులు "కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేశాం" అంటారు. వాటికీ గుడ్డు పెట్టే చోటు కావాలి; నమోదు పత్రం మీద పాము గుడ్డు పెట్టదు.

ఇంట్లో ఉన్న తాబేలును భయంతో పాపఘ్ని నదిలో మాత్రం పారేయకండి. అది ఈదే జాతి కాదు, మునిగి చస్తుంది. అటవీ శాఖకు అప్పగించండి.