గంటకు రెండు చుట్లు

నేనొక చెక్క డ్రమ్మును. ఒళ్లంతా బెజ్జాలు, బెజ్జానికో గాజు గొట్టం. రాత్రనక పగలనక గంటకు రెండు చుట్లు తిరగడమే నా ఉద్యోగం. గానుగెద్దు నన్ను చూస్తే జాలిపడుతుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో నన్ను తయారుచేసినాయన జార్జ్ గై. పాత ఇనుప సామాను ఏరుకొచ్చి ల్యాబ్ పరికరాలు చేసుకునే మనిషి. ఒంట్లో రక్తం కదులుతున్నట్టే, గొట్టాల్లో పెంచే కణాల చుట్టూ ఆహారద్రవం కూడా కదలాలని ఆయన పట్టుదల.

ఆ ద్రవం కొట్లో కొనేది కాదు. కోడి గుండెలోంచి తీసిన రక్తం, కబేళా నుంచి తెచ్చిన దూడ పిండాలు, కాన్పుల వార్డు నుంచి బొడ్డుతాడు రక్తం, అన్నీ కావాలి. ఇంతా చేశాక కంటికి కనపడని సూక్ష్మజీవి ఒక్కటి దూరితే అంతా గంగపాలు. అందుకే గై భార్య మార్గరెట్ శుభ్రత విషయంలో ఎవరినీ క్షమించేది కాదు. ఆపరేషన్ థియేటర్ నర్సుగా శిక్షణ పొందిన మనిషి మరి.

1951 ఫిబ్రవరిలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ గడ్డ ముక్క ఒకటి వచ్చింది. టెక్నీషియన్ మేరీ కుబిచెక్‌కు అప్పుడు 21 ఏళ్లు. మధ్యాహ్నం భోజనం ముగించాకే లేచిందట. తప్పేముంది? అంతకు ముందు వచ్చిన ముక్కలన్నీ చచ్చాయి, ఇదీ చస్తుందనే ఆమె లెక్క. అయినా చేతులు మాత్రం ఆ లెక్క వినలేదు. ముక్కను మిల్లీమీటరు ముక్కలుగా తరిగి, గొట్టాల అడుగున గడ్డకట్టించిన కోడి రక్తం మీద ఒక్కొక్కటే దించి, ద్రవం పోసి, రబ్బరు బిరడా బిగించింది. పని తెలిసినవాళ్ల సంగతి ఇదే. ఆశ లేని రోజున కూడా చెయ్యి జారనివ్వరు.

రోగి పేరులో మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఇంటిపేరులో మొదటి రెండు కలిపి గొట్టం మీద రాయడం అక్కడి అలవాటు. హెన్రియెట్టా లాక్స్ అలా ‘హీలా’ అయింది. అయిదుగురు పిల్లల తల్లి. ఆ ముక్క తీసుకోవచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు.

గొట్టాలు నా బెజ్జాల్లోకి వచ్చాయి, తిరిగాను. కణాలు చావలేదు. రోజుకు రెట్టింపవుతూ ఒక గొట్టం చాలక ఇంకో గొట్టం అడిగాయి. మేరీకి ఊపిరాడనంత పని. గై అడిగినవాళ్లందరికీ ఉచితంగా పంపాడు. తర్వాత పోలియో టీకా పరీక్షలకు ఈ కణాలనే టస్కిగీ విద్యాసంస్థలో పెద్దఎత్తున పెంచారు.

హెన్రియెట్టా మాత్రం అదే ఏడాది అక్టోబర్ 4న, 31 ఏళ్లకే పోయింది. శవపరీక్షకు మేరీ వెళ్లింది. కాలిగోళ్లకు వేసుకున్న ఎర్రరంగు కనబడ్డాకే, ఈ కణాలు ఒక మనిషివన్న స్పృహ తనకు కలిగిందని తర్వాత చెప్పింది.

1952లో ‘క్యాన్సర్ రీసెర్చ్’ పత్రికలో చిన్న సారాంశం అచ్చయింది. గై, కాఫ్‌మన్, కుబిచెక్ అని మూడు పేర్లు. గొట్టాలు నింపే అమ్మాయి పేరు అచ్చులో ఉండటం ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో చూడలేం. అందుకు గైకి నా దండం. హెన్రియెట్టా ఇంటివాళ్లకు మాత్రం ఈ కణాల సంగతి 1970లలో గానీ తెలియలేదు. అప్పటిదాకా లోకంలో చాలామందికి ఆమె పేరు తప్పుగా ‘హెలెన్ లేన్’.

నా సంగతంటారా? ఆ కణాలు గాజుకు అంటుకోకుండా ద్రవంలో తేలుతూ కూడా పెరగగలవని తేలింది. నేను తిప్పకపోయినా వాటికి బెంగ లేదు.