నీళ్ళు పడ్డోడే కనిపిస్తడు

మా రోజుల్లో బాయిల తొంగి చూస్తే నీళ్ళెన్ని ఉన్నయో తెలుస్తుండె. మోట ఎంతసేపు నడుస్తది, ఎన్ని గుంటలు పారుతది అని లెక్కేసుకున్నంకనే నారు పోస్తుండె. నీళ్ళు మెట్లు దిగినయంటే వరి తగ్గించి ఆముదాలకో జొన్నకో పోతుండె. బాయి తవ్వుడు అగ్గువ పనేం కాదు. వడ్డెరోళ్ళు రావాలె, రాయి తగిలితే మందు పెట్టి పేల్చాలె. ఒక ఎండకాలం సగం తవ్వి, పైసలు చాలకపోతే మళ్ళేడు చూసుకుందామని ఆపుకున్నోళ్ళు ఊరికి పదిమంది ఉండె. మాకు కరువు రాలేదని కాదు, 1972ల బాయిలన్నీ ఎండినయి. గని ఎవని బాయి ఎండిందో ఊరందరికీ తెలుసు. దాసుకునేందుకేం లేకుండె.

ఇప్పుడు? రాత్రిపూట తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు లారీ చెల్కల దిగుతది. దానికంటె ముందుగాల కొబ్బరికాయాయన వస్తడు. అరచేతిల కాయ పెట్టుకొని చేనంత తిరిగి, కాయ నిలబడ్డ కాడ పాయింటు పెడతడు. నీళ్ళు పడితే ఆయన చెయ్యి మంచిది, పడకపోతే రైతు నసీబు మంచిగలేదు. లారీకి ఫీటుకింత అని కట్టాలె. నీళ్ళు ఎగజిమ్మినా అదే రేటు, తెల్లదుమ్ము లేసినా అదే రేటు. ఆ దందల నష్టపోయేటోడు ఒక్క రైతే.

నల్లగొండ, పాలమూరు నేలకింద ఉన్నది గ్రానైటు. పైన మొరంల, మెత్తబడ్డ రాయిల ఇన్ని నీళ్ళు నిలుస్తయి. దానికంటె కిందికి పోతే రాయిల పగులు దొరకాలె. ఆరున్నర అంగుళాల బొక్క సరిగ్గ పోయి ఆ పగులుకు తగలాలె! పక్కోనికి తగిలిందంటే వాడు తెలివిగల్లోడని కాదు. గని ఊరట్ల అనుకోదు. వాని బత్తాయి తోట పచ్చగ కనపడుతది, పెండ్లిల వాని మాటకు విలువ పెరుగుతది. ఎండిన బోర్లు మాత్రం ఎవనికీ కనపడయి. కేసింగు పైపు ఊడబీకి, బొక్కకు గోనెసంచి కుక్కి, మీద ఒక రాయి పెడతరు. వానలకు గడ్డి మొలుస్తది, అయిపాయె.

నల్లగొండ దగ్గర ముషంపల్లి ఉంది. 2004ల జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ ఆ ఊరి గురించి రాసిండు: సాగు రెండువేల ఎకరాలు, బోర్లు ఆరువేల పైన, మనిషికి రెండు లెక్క. అండ్ల ఎక్కువ శాతం ఎండినయే. అయినా మళ్ళొకటి ఏస్తమనేటోళ్ళే. నీళ్ళు పడ్డోడన్నా బతికిండా అంటే అదీ లేదు. పక్కచేన్ల ఇంకా లోతుకు బోరు పడితే ఈని నీళ్ళు గుంజుకపోతయి. నాలుగేండ్లు సాకి కాపుకొచ్చిన బత్తాయిని కట్టెలకు కొట్టుకున్నోళ్ళను చూసినం. బోర్లకు అనుమతి ఉండాలె, నడుమ దూరం ఉండాలె అని 2002ల వాల్టా చట్టం తెచ్చిండ్రు. ఎవడు కొలిచిండు ఆ దూరం!

ఇప్పటి పోరగాండ్లకు చెల్క అక్కరలేదు, ఫోన్లనే ఏస్తున్నరు బోర్లు. మా మనుమడు "తాతా, షేర్ బజార్ల ఆప్షన్లు అమ్ముతున్న, రోజుకు వెయ్యో రెండువేలో వస్తున్నయి" అంటడు. వస్తయి, ఎందుకు రావు. 2024 జూన్ 4నాడు లోక్‌సభ ఎన్నికల ఫలితాలొచ్చినయి. అంతకు ముందునాడే మూడు శాతం ఎగిరిన షేర్ బజారు సూచీ నిఫ్టీ, ఆ ఒక్కనాడు ఆరు శాతం దాక పడ్డది. రోజుకు వెయ్యి చొప్పున కూడబెట్టింది ఊడ్చుకపోయేందుకు అసొంటి దినం ఒక్కటి చాలు. ఆ దినం ఎప్పుడొస్తదో ఫోన్ల కనపడదు. పోరడేమో అది రాకపోవుడే తన తెలివి అనుకుంటడు.

వీళ్ళ గ్రూపుల పచ్చరంగు లాభాల ఫోటోలే తిరుగుతయి. ఎర్రవి పెట్టేటోడు లేడు. షేర్ బజారు మీద నిఘా పెట్టే సెబీ వాళ్ళే లెక్క తీసిండ్రు: 2022 మార్చితోటి ముగిసిన ఏడాది మొదలు మూడేండ్లల ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంల నూటికి 93 మంది పోగొట్టుకున్నోళ్ళే. పోయింది 1.8 లక్షల కోట్ల పైమాటే. దలాలీ ఫీజులు మాత్రం గెలిచినోడూ కట్టిండు, ఓడినోడూ కట్టిండు. మా బోరు లారీ లెక్కనే.

నసీబు లేని బతుకు మా కాలంల ఉండెనని నేనంటలేను. వాన పడుడు నసీబే, పంటకు ధర పలుకుడు నసీబే. గని అప్పుడు నసీబును నసీబే అంటుండె. గంట క్లాసుకు ఫీజు గుంజి దాన్ని విద్య అని నేర్పేటోళ్ళు లేకుండె.

అందుకే అయ్యా, ఎవడన్న ఫోన్ల లాభం చూపిస్తే మెచ్చుకునుడు తర్వాత. గోనెసంచి కుక్కినవి ఎన్నున్నయో చెప్పుమని ముందుగాల అడుగుండ్రి.