మా బావ వేట

ఏనాడూ తుపాకీ పట్టని వేటగాణ్ని మీరు చూసి ఉండకపోవచ్చు. మా అక్క అలాంటి ఒకాయనతో మిన్నెసోటాలో నలభై ఏళ్లు పైబడి కాపురం చేస్తోంది.

ఈ జాతి మీకు కొత్తేమీ కాదు, వేషాలే వేరు. గడప దాటకుండా రైల్వే టైంటేబుల్ ముందేసుకుని గుడివాడ నుంచి గువాహటి దాకా బళ్లు మారేవాళ్లూ, పెరట్లో బెండ మొక్కయినా లేకుండా విత్తనాల కంపెనీ ధరల పట్టిక దిండు కింద పెట్టుకునేవాళ్లూ మనందరి ఇళ్లల్లోనూ ఉన్నారు. మా బావ వాళ్లందరికీ పెద్దన్న. ఆయన చదివేవి వేట సామాన్లూ, చేపలు పట్టే సామాన్లూ పోస్టులో అమ్మిన అమెరికా కంపెనీల పాత కేటలాగులు. చదవడం అంటే ఆయనకి కోపం వస్తుంది. పారాయణం అనాలి. తోటి తెలుగువాళ్లు బేస్‌మెంటులో హోమ్ థియేటర్ కట్టించుకున్న చోట ఈయన వాటికి అలమరలు కట్టించాడు. చెమ్మ లాగే మిషనొకటి రాత్రింబవళ్లు తిరుగుతూ ఉంటుంది. ముట్టుకునే ముందు చేతులు తుడుచుకోవడానికి మేకుకి తువ్వాలు వేలాడుతుంది. ఇంత కాపలా ఉన్నా ఒక సంచికలో బాతుబొమ్మల పేజీ మీద ఆవకాయ నూనె మరక పడింది. వచ్చినవాళ్లందరికీ ఆ మరక చూపించి నిందితుడి పేరు చెబుతాడు. నిందితుడు ఇప్పుడు డల్లాస్‌లో గుండె డాక్టరు. ఈయన కొడుకే.

బావ డెబ్భైల్లో ఆకివీడు పక్క పల్లె నుంచి మిన్నియాపోలిస్‌కి చదువుకోవడానికి వచ్చాడు. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడు గనక గాలం, బెండు, వానపాము ఆయనకి అక్షరాల కంటే ముందే వచ్చు. మొదటి చలికాలంలో మంగలి షాపులో ఏదో పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే, వసీకా అనే ఊరి నుంచి పెద్ద పుస్తకం వచ్చి పడిందట. ఇంటి నుంచి ఎయిరోగ్రాం రావడానికి వారాలు పట్టే రోజులవి. యూనివర్సిటీలో ఈయన ఇంటిపేరు పలకలేక ప్రొఫెసర్లు మొదటి అక్షరంతో సరిపెట్టేవారు. "ఆ పుస్తకం మీద మాత్రం ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం తప్పు లేకుండా టైపు కొట్టారురా" అని ఇప్పటికీ చెబుతాడు. ఆ చిరునామా చీటీ ఊడిపోకుండా పైన ప్లాస్టిక్ కాగితం అంటించాడు.

"పెళ్లికి ముందు నేను రాసిన ఉత్తరాలు ఎక్కడున్నాయో కూడా అడుగు" అంటుంది అక్క మెట్ల మీద నుంచి.

వసీకా మిన్నియాపోలిస్‌కి దక్షిణాన గంటన్నర ప్రయాణం. జార్జ్ లెనార్డ్ హెర్టర్ అనే పెద్దమనిషి 1937లో అక్కడ వాళ్ల నాన్న బట్టల కొట్టు మీది అంతస్తులో ఈ వ్యాపారం పెట్టాడు. పోనుపోను కేటలాగు వందల పేజీలకి ఊరింది. దీమపు బాతుబొమ్మలు, బాతు కూత కూసే పీకలు, పడవలు, తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకునే యంత్రాలు, చేపల్ని మోసగించే దొంగ ఈగల్ని కట్టుకోవడానికి రంగురంగుల ఈకలు. అయితే మా బావ పడిపోయింది సరుకు చూసి కాదు, దాని పక్కన హెర్టర్ రాసిన రాతలు చూసి. ఆయన అమ్మే ప్రతి వస్తువూ ప్రపంచ ప్రసిద్ధమే. పోటీ కంపెనీలవాళ్లు తెలివితక్కువవాళ్లో, మోసగాళ్లో అయి ఉండాలి. ఒక వస్తువు గురించి చెబుతూ దారిలో చరిత్ర, వంట, రాజకీయం అన్నీ తగిలించేవాడు. 1960లో భార్యతో కలిసి వంటల పుస్తకం కూడా అచ్చేశాడు. ఏసుక్రీస్తు తల్లికి ఇష్టమైన పాలకూర ఎలా వండాలో అందులో ఉంది. హైడ్రోజన్ బాంబు పడితే ఏం చెయ్యాలో కూడా ఉంది. ఒకసారి బావ ఆ పాలకూర వండించాడు. "పప్పులో వేస్తే పోయేదానికి ఇంత చరిత్రా!" అంది అక్క.

చదివి చదివి ఆయన మాటలోకీ హెర్టర్ దిగిపోయాడు. గుత్తి వంకాయ కూర నోట్లో పెట్టుకుని, "ఉత్తర అమెరికా ఖండంలో దీనికి సాటి లేదు. మిగతావాళ్లు చేసేది వంకాయకి అవమానం" అని ప్రకటిస్తాడు. ఈ కేటలాగుల వల్ల మా అక్కకి కలిగిన లాభం ఇదొక్కటే. దాన్ని ఆవిడ కాదనదు.

ధరలు చదివి వినిపించడం ఇంకో జబ్బు. భోజనాలకి పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టి, "పడవ! తెడ్లతో సహా! ఎంతనుకుంటున్నావ్?" అని అడుగుతాడు. తక్కువ చెబితే మొహం మాడ్చుకుంటాడు. లక్షణంగా ఎక్కువ చెబితే పొంగిపోయి అసలు ధర చెప్పి, తనే దగ్గరుండి నెయ్యి వడ్డిస్తాడు. అప్పటి జీతాలెంతో అడగకూడదు. అడిగిన కుర్రాడొకడు మళ్లీ భోజనానికి రాలేదు.

తెలుగువాళ్ల పార్టీల్లో మగవాళ్లంతా ఒక మూల చేరి కోకాపేట ఫ్లాట్లూ, మోకాలి ఆపరేషన్లూ మాట్లాడుకుంటూ ఉంటారు కదా. బావ పకోడీ ప్లేటు పట్టుకుని మెల్లిగా ఆ మూలకి చేరతాడు. "1912లో లియాన్ లియన్‌వుడ్ బీన్ ఏం చేశాడో తెలుసా?" ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. అయినా కథ నడుస్తుంది. మెయిన్ రాష్ట్రంలో అడుగు రబ్బరు, పైన తోలు పెట్టి వేట బూట్లు తయారుచేశాడు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి వేట లైసెన్సు తీసుకున్నవాళ్ల చిరునామాలు సంపాదించి మూడు పేజీల కాగితం పోస్టులో పంపాడు. మొదట అమ్మిన 100 జతల్లో 90 జతలు కుట్లు ఊడి వెనక్కొచ్చాయి. "ఏం చేశాడు? డబ్బు తిరిగిచ్చేశాడు! అప్పు చేసి బూట్లు బాగుచేశాడు!" ఇక్కడ బావ గొంతు వణుకుతుంది. ఎప్పుడు కొన్న వస్తువైనా వెనక్కి తీసుకుంటామన్న బీన్ కంపెనీ, 2018లో గడువు ఏడాదికి కుదించినప్పుడు మైల పట్టినవాడిలా ఇంట్లోంచి కదల్లేదు. ఆ కంపెనీలో ఆయన జన్మలో కొన్నది ఒక టోపీ. అదీ వెనక్కిచ్చే ఉద్దేశం లేదు.

రెండో కథ డిక్ కాబెలాది. నెబ్రాస్కాలో చాపెల్ అనే ఊరివాడు. షికాగోలో ఫర్నిచర్ ప్రదర్శనకి వెళ్లి, ఫర్నిచర్‌తో పాటు దొంగ ఈగలు కొనుక్కొచ్చాడు. 1961లో డాలరుకి 12 ఈగలని వయోమింగ్ పేపర్లో ప్రకటన ఇస్తే స్పందించింది ఒక్కడు. తర్వాత దేశమంతటా పోయే పత్రికలో, 5 ఈగలు ఉచితం, తపాలా ఖర్చుకి 25 సెంట్లు పంపండి అని మార్చి రాశాడు. ఇంక ఉత్తరాలే ఉత్తరాలు. మొగుడూ పెళ్లాలు వంటింటి బల్ల మీదే పొట్లాలు కట్టి, ప్రతి పొట్లంలోనూ మిగతా సరుకుల జాబితా ఒకటి పెట్టి పంపారు. ఆ జాబితాయే పెరిగి పెరిగి కేటలాగు అయింది. చిన్న మేనల్లుడు స్టార్టప్ పెడతానని సలహా అడిగితే బావ ఈ కథంతా చెప్పి, "ఉచితం అను, తపాలా అడుగు" అని దీవించాడు. వాడు చేసేది సాఫ్ట్‌వేర్.

మూడోది జెబ్కో కథ. ఓక్లహోమాలో చమురు బావుల కోసం టైం బాంబులు తయారుచేసే కంపెనీ 1949లో గాలం రీళ్లలోకి దిగింది. జీరో అవర్ బాంబ్ కంపెనీ అన్న అసలు పేరే కుదించి రీలు పేరు చేసింది. ఈ కథని ఆయన ఎయిర్‌పోర్టులో భద్రతా తనిఖీ వరుసలో మొదలుపెట్టబోతే అక్క చెయ్యి గట్టిగా గిల్లింది. ఆ మచ్చ కూడా చూపిస్తాడు.

ఆయన నోరు మూయించాలంటే నా దగ్గర ఒక అస్త్రం ఉంది. కెనెడీని చంపిన తుపాకీ ఎక్కణ్నుంచి వచ్చిందంటాను. 1963 మార్చిలో ఆస్వాల్డ్ దొంగ పేరుతో కూపన్ నింపి, 19 డాలర్ల 95 సెంట్లకి షికాగోలోని ఆటసామాన్ల కంపెనీ నుంచి పోస్టులోనే తెప్పించుకున్నాడు. అలా ఇంటికే తుపాకులు పంపడాన్ని 1968లో చట్టం ఆపేసింది. వినగానే బావ కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. "తుపాకుల పేజీలు నేను చదవనురా" అంటాడు. అది నిజం. నేను తెరిచి చూశాను. బాతుబొమ్మల పేజీలు వేలిముద్రలతో నలిగిపోయాయి గానీ తుపాకుల పేజీలు ప్రెస్సులోంచి ఇప్పుడే వచ్చినట్టున్నాయి. గరాజులో ఎలక పడితే బోను పట్టుకెళ్లి పార్కులో వదిలివచ్చే మనిషి ఆయన. ఆ ఎలక మళ్లీ వాళ్లింటికే వస్తోందని అక్క అనుమానం.

ఇక ఆయన ఖజానాలో కొహినూరు లాంటిదొకటి ఉంది, 1960ల నాటి సంచిక. దొంగ ఈగలు కట్టే సామగ్రిలో మన అడవికోడి మెడ ఈకలు అందులో దొరుకుతాయి. గోదావరికి దక్షిణాన, నల్లమల లాంటి అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ మీది ఈకలకి మైనపు బొట్లు పెట్టినట్టు తెల్లటి, పచ్చటి మెరుపులుంటాయి. ఈగకి రెండు పక్కలా అవి కడితే చేపకి కళ్లలా కనిపిస్తాయి. సాల్మన్ పట్టే ఇంగ్లీషు దొరల కాలం నుంచీ వాటికి గిరాకీయే. 1960ల చివర్లో భారత ప్రభుత్వం ఎగుమతి ఆపేసేసరికి ఇక్కడివాళ్లు విలవిల్లాడిపోయారు. ఆ పేజీ తీసినప్పుడల్లా బావకి గర్వం, ఉక్రోషం ఒకేసారి పొడుచుకొస్తాయి. "మన కోడి! మన కోడి మెడ కోసి వీళ్లు చేపలు పట్టుకున్నారు!" అని గుద్దుతాడు, పేజీ మీద కాదు, తొడ మీద. మరుక్షణమే, "ఎంత చక్కగా కట్టేవాళ్లో చూడు" అని భూతద్దం చేతికిస్తాడు. ఎగుమతి ఆగడం మంచిదేనా అని ఒకసారి అడిగాను. కోడికి మంచిదేనని, కేటలాగుకి నష్టమని తీర్పు చెప్పాడు.

ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా కంటే ముందు అవటోనాలోని కాబెలా దుకాణం చూసి తీరాలి. 1998లో తెరిచారు. లోపల కొండ కట్టి, దాని మీద చచ్చిన ఎలుగుబంట్లనీ దుప్పుల్నీ బతికున్నట్టు నిలబెట్టారు. పక్కనే చేపల తొట్టి. మా నాన్న వచ్చినప్పుడు ఆ తొట్టి ముందు చాలాసేపు నిలబడి, మిన్నెసోటా రాష్ట్ర చేప వాలైని నిదానంగా పరికించి, "పులుసుకి బావుంటుందా?" అన్నాడు. బావకి మనసు చివుక్కుమంది. ఆ దుకాణం మీద ఆయనకి కూడా సదభిప్రాయం లేదని నాకు తెలుసు. అక్కడ వస్తువు చేతికి తగులుతుంది. చేతికి తగిలితే ఇంక చదవడానికేముంది? 2017లో ఆ కంపెనీని పోటీదారు కొనేశాక ఆయన తలుపు దగ్గర ఆగి ఒక దణ్ణం పెట్టి మరీ లోపలికి వెళ్తున్నాడు.

ఇంతా చేసి చేపలు పడతాడా అంటే, ఏటా లైసెన్సు కొంటాడు. మే నెలలో చెరువు దగ్గరికి వెళ్తాడు. మడత కుర్చీ వేసుకుని, గాలం విసిరి, ఒళ్లో కేటలాగు జెరాక్సు తెరుస్తాడు. బెండు మునిగినా తలెత్తడు. చేపలు కూడా ఆయన్ని నమ్ముకున్నాయి.

విచిత్రం ఏమిటంటే ఆ వీధిలో అసలు వేటగాళ్లు, నవంబరు రాగానే నారింజరంగు చొక్కాలు తొడుక్కుని అడవికి పోయే ముసలి నార్వీజియన్లు, స్వీడన్ సంతతివాళ్లు, ఈయన దగ్గరికి వస్తారు. హెర్టర్ కంపెనీ 1981లో దివాలా తీసింది. వాళ్ల నాన్నలు తెప్పించుకున్న కేటలాగులు వాళ్ల అమ్మలు ఎప్పుడో చెత్తలో వేశారు. చిన్నప్పుడు క్రిస్మస్‌కి అడిగి ఇప్పించుకోలేకపోయిన వస్తువు ఏదో ఒకటి ప్రతివాడికీ ఉంటుంది. ఆకివీడు మనిషి నిచ్చెనేసి అలమర ఎక్కి, సంవత్సరం చూసి, పేజీ తీసి ఇస్తాడు. వాళ్లు తువ్వాలుతో చేతులు తుడుచుకుని అందుకుంటారు. ఆ పూట అక్క కాఫీ పెట్టి ఇస్తుంది, విసుక్కోదు.

బావ పైన స్నానం చేస్తుండగా కాలక్షేపానికి నేనూ ఒక సంచిక తిరగేశాను. మంచులో దిగబడకుండా కాళ్లకి కట్టుకునే చట్రాలు రెండు రకాలున్నాయి. పొడుగువి మైదానానికి, గుండ్రటివి పొదల్లోకి. అక్క భోజనానికి పిలిచేటప్పటికి నేను గుండ్రటివాటి వైపు మొగ్గుతున్నాను. నేనుండేది హ్యూస్టన్‌లో.

ఈ వేసవిలో పిల్లలిద్దరూ కలిసి తీర్మానం చేశారు. ఇల్లు అమ్మేసి చిన్న అపార్టుమెంటుకి మారండి, అవన్నీ స్కాన్ చేసి ఇస్తాం, కాగితాలు పారేద్దాం అన్నారు. బావ ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. మర్నాడు నన్ను బేస్‌మెంటుకి పిలిచి అలమరల ముందు నిలబెట్టాడు.

"ఒరేయ్, ఇవన్నీ నీ పేర రాసేశాను. నువ్వయితే చూసుకుంటావు."

"తీసుకెళ్లేదేదో ఇప్పుడే తీసుకెళ్లరా, ట్రక్కు అద్దె నేనిస్తా" అంది అక్క మెట్ల మీద నుంచి.

నేను కాసేపు గునిశాను. చోటు లేదన్నాను. హ్యూస్టన్‌లో చెమ్మ ఎక్కువన్నాను. ఆ తర్వాత, అడవికోడి ఈకల సంచిక కూడానా బావగారూ అని అడిగాను.

"అది తప్ప" అన్నాడు.