కొండ మీద కేబిన్: మరమ్మతుల శాస్త్రం

కేబిన్ అంటే చెట్టు దుంగలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలల్లో గాట్లు పెట్టి బిగించి కట్టిన ఇల్లు. ఈ పద్ధతి 1638లో డెలావేర్ నది ఒడ్డున దిగిన స్వీడన్, ఫిన్లాండ్ వలసదారులతో అమెరికాకు వచ్చిందంటారు. చేతిలో గొడ్డలి ఉండి, సంచిలో మేకులు లేనివాడికి అంతకంటే అనువైన ఇల్లు లేదు. ఇప్పుడు కేబిన్ కొనేవారి దగ్గర గొడ్డలి ఒక్కటి తప్ప అన్నీ ఉంటాయి.

పేదవాడి ఇంటికి ఇంత గ్లామర్ రావడం రాజకీయ నాయకుల చలవ. 1840 అధ్యక్ష ఎన్నికల్లో విలియం హెన్రీ హారిసన్ మనుషులు దుంగల ఇళ్ల నమూనాలను బళ్ల మీద ఊరేగించి ఆయన్ని గెలిపించారు. ఆయన పుట్టింది మాత్రం వర్జీనియాలో, ఇటుకలతో కట్టిన బంగళాలో. లింకన్ నిజంగానే 1809లో కెంటకీలో దుంగల ఇంట్లో పుట్టాడు. ఆయన పుట్టిల్లని నమ్మిన కేబిన్‌ను 1911లో పూర్తయిన ఓ రాతి మందిరంలో నిలబెట్టారు. చుట్టూ జనం తిరగడానికి చోటు చాలలేదు. మందిరాన్ని పెంచలేదు, కేబిన్ దుంగల్నే కోసి పొట్టి చేశారు. అది అసలు ఇల్లు కాదని తర్వాత తేలింది. గది చాలకపోతే సోఫా కోసే పద్ధతికి దీన్ని తొలి ఉదాహరణగా చెప్పుకోవచ్చు.

ఖర్చు విషయంలో అందరూ చూపించే సాక్షి హెన్రీ డేవిడ్ థోరో. 1845లో మసాచుసెట్స్‌లోని వాల్డెన్ చెరువు ఒడ్డున పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవున్న కేబిన్ కట్టుకుని, మేకులతో సహా 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అయిందని లెక్క రాసిపెట్టాడు. ఆయన బ్రహ్మచారి అన్న సంగతి వ్యాఖ్యాతలు ఎందుకో పెద్దగా పట్టించుకోరు. కేబిన్ ఖర్చులో ప్రధానమైన అంశం కలప కాదు, దాంపత్యం.

దాంపత్యంతో కూడిన కేబిన్‌ను పరిశీలించడానికి ఉత్తర జార్జియా అనువైన చోటు. అట్లాంటాకు ఉత్తరాన సుమారు 90 మైళ్ల దూరంలో బ్లూ రిడ్జ్ అనే ఊరుంది. ఆల్ఫరెటా, కమింగ్, జాన్స్ క్రీక్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు అది శుక్రవారం సాయంత్రం బయల్దేరి రాత్రి భోజనానికి చేరుకునే దూరం. ఆ రాష్ట్రంలోకెల్లా ఎత్తైన శిఖరం బ్రాస్‌టౌన్ బాల్డ్ ఎత్తు 4,784 అడుగులు. మన పాడేరు వైపున్న అర్మ కొండ అంతకంటే ఎత్తు. కానీ పాడేరులో కేబిన్ కొన్నానంటే కమింగ్‌లో ఎవరూ లేచి నిలబడరు.

దూరపు కొండలు నునుపన్న సామెత ఇళ్లమ్మే ఏజెంటుకు మనకంటే బాగా తెలుసు. అందుకే కేబిన్‌ను అక్టోబరులో, ఆకులు ఎర్రబడ్డ వారాల్లో, బాల్కనీలో నిలబెట్టి చూపిస్తాడు. ఇన్‌స్పెక్టరు దారి వేరు. ఆయన ఇంటి కింద పాక్కుంటూ పోయి, అక్కడున్న తడినీ ఎలుక లద్దెలనూ ఫోటోలు తీసి నివేదిక ఇస్తాడు. ఆ నివేదికలో భార్య చూసేది అట్ట మీది ఫోటో, భర్త చూసేది చివరి పేజీలోని మొత్తం. మధ్య పేజీలు కొన్న తర్వాత చదువుతారు.

ఇక్కడొక సూత్రం చెప్పుకోవాలి. సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1957లో తెచ్చిన పుస్తకంలో ఓ కమిటీ ఉంటుంది. అణు రియాక్టరు ఎవరికీ అర్థం కాదు కాబట్టి దాన్ని రెండున్నర నిమిషాల్లో ఆమోదిస్తారు. సైకిల్ షెడ్డు అందరికీ తెలుసు కాబట్టి దాని మీద ముప్పావు గంట కొట్టుకుంటారు. కేబిన్‌లో ఈ కమిటీకి సభ్యులు ఇద్దరే. పైకప్పు, పునాది స్తంభాలు, బావి మోటారు, సెప్టిక్ ట్యాంకు వేల డాలర్లు మింగుతాయి, అయినా వాటి మీద మాటామాటా అనుకున్న దంపతులు కనపడరు. దిండు గలీబుల మీద మాట్లాడుకోవడం మానేసిన వాళ్లు మాత్రం ఉన్నారు.

దుంగల గోడ కదిలే గోడ. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. అందువల్ల అడ్డంగా పేర్చిన గోడ మొదటి కొన్నేళ్లలో అంగుళాల లెక్కన కిందికి దిగుతుంది. నిలువుగా నిలబెట్టిన స్తంభం దిగదు. ఈ తేడా తట్టుకోవడానికి స్తంభాల దగ్గర తిప్పి ఎత్తు తగ్గించుకునే మర జాకీలు పెడతారు. తలుపులు, కిటికీల పైన ఖాళీ వదిలి, బయటికి కనపడకుండా పలక కొడతారు. ఇంకా దిగడం పూర్తికాని ఓ కేబిన్‌లో భర్త ఆ పలక పీకి చూశాడు. లోపల దూదిలాంటి ఇన్సులేషన్ తప్ప ఏమీ లేదు. కట్టినవాడు కలప మిగుల్చుకున్నాడని తీర్మానించి, గట్టి చెక్క ముక్కలు కొట్టి సందు పూడ్చాడు. ఏడాది తిరిగేసరికి గోడ వచ్చి ఆ ముక్కల మీద కూర్చుంది, తలుపు బిగుసుకుపోయింది. అప్పట్నుంచి రాకపోకలన్నీ పక్కనున్న బాల్కనీ మెట్ల మీదుగానే. ఇలా సింహద్వారం దక్షిణం నుంచి తూర్పుకు మారడంతో వాస్తు కుదిరిందని ఇండియా నుంచి ఫోన్లో ఒక సిద్ధాంతిగారు నిర్ధారించారు. భర్త దీన్ని ముందే ఆలోచించి చేసినట్టు చెప్పుకుంటాడు. భార్య ఖండించదు, కిరాణా సంచులు మాత్రం ఆయన చేతే మోయిస్తుంది.

దుంగకూ దుంగకూ మధ్య సందు పూడ్చే పనిని చింకింగ్ అంటారు. పాతకాలంలో బంకమన్ను, సున్నం, గడ్డి వాడేవారు. మధ్యలో సిమెంటు వచ్చింది. సిమెంటు సాగదు, చెక్క ఊరుకోదు. రెండింటి మధ్యా పగులు పడి, అందులోకి వాన నీరు దిగి దుంగ కుళ్లుతుంది. ఇప్పుడు సాగే గుణమున్న అక్రిలిక్ పదార్థం వాడుతున్నారు. ఈ పని చేతకానివాళ్లు ఉండరు, చక్కగా చేయగలిగినవాళ్లూ ఉండరు. భార్య పూసిన గోడ, భర్త పూసిన గోడ ఎదురెదురుగా ఉంటే ఎవరిది ఏదో అతిథి గుర్తుపట్టగలడు. గుర్తుపట్టినా నోరెత్తకపోవడం మంచిది.

బయటి గోడకు రంగు పాతబడితే ముందు దాన్ని గీకాలి. నీళ్లు ప్రెషర్ పెట్టి కొడితే చెక్క నూగు లేస్తుంది. అందుకని ఎండబెట్టి నలగ్గొట్టిన మొక్కజొన్న బెండ్ల రవ్వను గాలితో గోడకేసి కొడతారు. గింజలు ఒలిచాక మన ఊళ్లలో పొయ్యిలోకి పోయే బెండ్లు ఇక్కడ బస్తాల్లో డాలర్లు పోస్తేగాని రావు. తర్వాత స్టెయిన్ పట్టించాలి. అది కొన్నేళ్లు నిలుస్తుంది, ఎండ పడే దక్షిణ, పడమర గోడల మీద ఇంకా తొందరగా పోతుంది. అంటే నాలుగో గోడ పూర్తయ్యేసరికి మొదటి గోడ పిలుస్తుంది.

ఏప్రిల్‌లో తుమ్మెదలు వస్తాయి. కావ్యాల్లో తామరపూల చుట్టూ తిరిగిన జాతికి ఇవి దగ్గరి చుట్టాలే, కానీ వీటికి కావాల్సింది చూరు. ఆడ తుమ్మెద దూలంలోకి అర అంగుళం వెడల్పున, వృత్తలేఖినితో గీసినంత గుండ్రంగా బెజ్జం చేస్తుంది. అంగుళం దాకా తిన్నగా వెళ్లి, అక్కణ్నుంచి చెక్క ఈనె వెంబడి పక్కకు తిరిగి, గదులు గదులుగా కట్టుకుని గుడ్లు పెడుతుంది. కింద బాల్కనీ మీద సన్నని రంపప్పొట్టు కుప్ప పడుతుంది. దాన్ని రోజూ తుడిచి, ఎక్కణ్నుంచి వస్తోందో వారం తర్వాత తల ఎత్తి చూస్తారు. ముఖం మీదికి దూసుకొచ్చి భయపెట్టేది మగది. దానికి కుట్టే ముల్లే లేదు. కన్నం చేసేది ఆడది, చప్పుడు చేసేది మగది అన్న ఈ సంగతిని ఆ ఇంట్లో ఒకసారే చెప్పుకున్నారు, రెండోసారి చెప్పే ధైర్యం భర్తకు లేకపోయింది. లోపల లార్వాలున్నాయని కనిపెట్టి వడ్రంగి పిట్ట వస్తుంది. తుమ్మెద చేసిన అర అంగుళం కన్నాన్ని అది గుప్పెడు పట్టే గొయ్యి చేసి వదులుతుంది. చలికాలం ముందు లేడీబగ్ పురుగులు వందలుగా ఎండ తగిలే గోడకు చేరతాయి. వీటికి వాక్యూమ్ క్లీనర్ తప్ప మందు లేదు.

ఎలుగుబంటి వేరే ప్రకరణం. ఉత్తర జార్జియాలో ఉన్నది నల్ల ఎలుగు. దాని ముక్కుకు చెత్తడబ్బా చిరునామా చెప్పక్కర్లేదు. అందుకే అది తెరవలేని మూత ఉన్న డబ్బాలు పెట్టుకోవాలి, పక్షులకు గింజలు వేలాడదీయకూడదు. తెలుగు కుటుంబానికి ఇక్కడ అదనపు చిక్కు ఉంది. కేబిన్‌లో వంటగది, హాలు ఒకటే, గోడలూ పైకప్పూ పైన్ చెక్క. పోపులో ఇంగువ పడిన క్షణాన పొగ అలారం మోగుతుంది, ఆ వాసన చెక్కలో నెలల తరబడి కాపురముంటుంది. పొయ్యి మీద బిగించిన చిమ్నీ చాలాచోట్ల పొగను బొగ్గు ఫిల్టరు గుండా తిప్పి మళ్లీ ఇంట్లోకే వదిలే రకం. బయటికి గొట్టం వేయించాలంటే దుంగకు కన్నం పెట్టాలి. చివరికి బాల్కనీలో గ్యాస్ పొయ్యి పెట్టుకుని చేపల పులుసు అక్కడ వండుతారు. చుట్టూ ఉన్న లోయంతటికీ అది ఆహ్వానపత్రం.

సెప్టిక్ ట్యాంకు గురించి చెప్పాల్సింది తక్కువ, అది సరిగ్గా పనిచేస్తే దాని గురించి ఎవరూ మాట్లాడరు. దానికి అనుమతి పడకగదుల లెక్క మీద ఇస్తారు. అందువల్ల అటక మీద నాలుగు పరుపులు వేసినంత మాత్రాన అది పడకగది కాదు. నూనె, మిగిలిన అన్నం సింకులోకి తోయకూడదు. మురుగు ఇంకే నేల మీద కార్లు నిలపకూడదు. బంధువులు పదిమంది దిగినప్పుడు ఈ మూడు నియమాలూ ఒకే సాయంత్రం పోతాయి.

కట్టెల పొయ్యికి మాత్రం గౌరవం ఇవ్వాలి. పచ్చి కట్టె కాలిస్తే పొగ చల్లటి గొట్టంలో గడ్డకట్టి క్రియోసోట్ అనే నల్లటి పొరగా మారుతుంది, అది అంటుకుంటే ఇల్లే పోతుంది. తేమ 20 శాతం లోపు ఉన్న కట్టె కాల్చాలి, గొట్టం ఏటా తుడిపించాలి. తుడిచేవాడు మంగళవారం వస్తానంటాడు. కొండల్లో పనివాళ్లందరూ మంగళవారమే వస్తామంటారు. ఏ మంగళవారమో అడగడం మర్యాద కాదు.

ఇక అలంకరణ. ఇక్కడికొచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయి అభిప్రాయాలు మిగులుతాయి. రంగుల విషయంలో 1948 నాటి 'మిస్టర్ బ్లాండింగ్స్ బిల్డ్స్ హిస్ డ్రీమ్ హౌస్' సినిమా చెప్పినదానికి శాస్త్రం ఇప్పటికీ ఏమీ కలపలేకపోయింది. అందులో ఇల్లాలు ఒక్కో గది రంగును కవితలా వర్ణించి వెళ్తుంది. పెయింటరు వాటిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, తెలుపు అని తన మనిషికి అప్పజెప్తాడు. బ్లూ రిడ్జ్ కేబిన్‌లో సంభాషణ ఇంతకంటే పొట్టిది.

"ఏమండీ, ఈ రెండింట్లో ఏది బావుంది?"

"రెండూ తెలుపే కదా."

"ఒకటి దంతం రంగు, ఒకటి మీగడ రంగు. మీకు ఏదీ పట్టదు."

"సరే, మీగడ."

"దంతం అనుకుంటున్నాను నేను."

తెల్లారేసరికి దంతం రంగు డబ్బాలు వచ్చి ఉంటాయి. అడగడం ఆచారం, జవాబు సంప్రదాయం, రెండింటికీ డబ్బాలతో సంబంధం లేదు.

కొండ కేబిన్‌కు బజారు ఒప్పుకునే అలంకారాలు రెండే, ఎలుగుబంటి, జింక కొమ్ములు. ఎలుగుబంటి బొమ్మల్ని మోటారు రంపంతో చెక్కి రోడ్డు పక్కన అమ్ముతారు. ఎలుగు దీపస్తంభం, ఎలుగు తువ్వాలు కొక్కెం, చేతిలో స్వాగతం పలక పట్టుకున్న ఎలుగు దొరుకుతాయి. నిజం ఎలుగు రాకూడదని మూత బిగించి, బొమ్మ ఎలుగును గుమ్మంలో నిలబెట్టే ఇల్లు ఇదొక్కటే. కొమ్ముల షాండ్లియర్ కావాలని భర్త పట్టుబడతాడు. జింకలు ఏటా కొమ్ములు రాల్చుకుంటాయి కాబట్టి హింస లేదన్నది ఆయన వాదన. దీపం పెట్టే ఇంట్లో కొమ్ములేమిటన్నది ఆమె వాదన. ప్లాస్టిక్ కొమ్ములతో రాజీ కుదురుతుంది, ఇద్దరికీ నచ్చదు. ఆమె తెచ్చినవి తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి అంబారీ ఏనుగు, లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు, పెడన కలంకారీ కర్టెన్లు. సహజ రంగుల కలంకారీ ఎండకు వెలిసిపోతుంది. ఈ కేబిన్‌లో ఎండ రావడానికే అంత పెద్ద అద్దాల గోడ కట్టారు. కర్టెన్లు చుట్టి బీరువాలో పెట్టారు. పొయ్యి గూటి మీద ఏనుగు, ఎలుగు పక్కపక్కనే నిలబడ్డాయి. ఈ రచయిత దృష్టిలో ఆ ఇంట్లో నిజంగా బాగున్న మూల అదొక్కటే.

కొన్నా ఇద్దరికీ నచ్చనివన్నీ అటక మీదికి చేరతాయి. నిజమైన కొమ్ముల నమూనా ఒకటి, మీగడ రంగు డబ్బా ఒకటి, నాలుగు రకాల దిండు గలీబులు అక్కడే ఉన్నాయి. సెప్టిక్ అనుమతి ఒప్పుకోని పడకగది కూడా అదే కాబట్టి బంధువులు వాటి మధ్య పడుకుంటారు.

మరమ్మతు ముగిసిందని ప్రకటించే అధికారం దంపతులకు లేదు. అది వేసవిలో వచ్చే పెద్దవాళ్లది. తెనాలి నుంచి వచ్చిన మామగారు కోడలి వెంట ఇల్లంతా తిరిగి చూస్తారు. దుంగ మీద వేళ్లతో కొట్టి చూస్తారు. కొత్త పైకప్పు, చింకింగ్, మొక్కజొన్న బెండ్లు, తుమ్మెదలకు పెట్టిన బోను, దంతం రంగు అన్నీ వరుసగా వింటారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కాఫీ తాగి, కొండ వైపు చూసి, తీర్పు చెప్తారు.

"బాగానే ఉందమ్మా. మరి స్లాబ్ ఎప్పుడు వేయిస్తారు?"