పొరుగింటి నయాగరా రుచి

న్యూజెర్సీలో ఎంఎస్ వెలగబెడుతున్న పుత్రరత్నానికి శుక్రవారం సాయంత్రమైతే కాలు నిలవదు. అయిదుగురు స్నేహితులు, ఒక అద్దె కారు, డిక్కీలో రైస్ కుక్కరు, ఆవకాయ సీసా. ఇద్దరి పేరు చెప్పి తీసుకున్న హోటల్ గదిలో అయిదుగురూ సర్దుకుంటారు. 400 మైళ్లు తోలుకెళ్లి నయాగరా ముందు ఫొటోలు. ఆదివారం రాత్రికి సెంట్లతో సహా లెక్కలు.

ఆ ఫొటోలు చూసి ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లోని నగర్‌నార్‌లో అమ్మానాన్నలు మురిసి ముక్కలవుతారు. 2023 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితమిచ్చిన ఉక్కు కర్మాగారంలో నాన్నగారి ఉద్యోగం. దగ్గర్లోని జగదల్‌పూర్ నుంచి 40 కిలోమీటర్లు కూడా లేదు, ఇంద్రావతి 95 అడుగుల ఎత్తు నుంచి దూకే చిత్రకోట్. దాన్ని భారతదేశపు నయాగరా అంటారని లోకమంతటికీ తెలుసు. ప్లస్‌టూ దాకా ఇక్కడే చదివిన అబ్బాయి మాత్రం అటు తొంగి చూడలేదు. ఆదివారాలన్నీ కోచింగ్‌కే సరి. జలపాతం ఎంట్రన్స్ సిలబస్‌లో లేదాయె!

ఇప్పుడు రూమ్మేట్లను వెంటేసుకుని సెలవులకు వస్తున్నాడు. చిత్రకోట్‌కు దారి చెప్పమంటే నాన్నగారు గూగుల్ మ్యాప్ పంపారు. పాపం, ఆయన మాత్రం ఎప్పుడు చూశారు గనక!