పంకాకు పాస్‌వర్డు

గదిలో ఉక్కపోస్తే మనిషి లేచి, గోడకున్న రెగ్యులేటరు పట్టుకుని తిప్పేవాడు. గాలి వచ్చేది. ఇంతటి అనాగరికత నుంచి మనల్ని ఉద్ధరించాలని పరిశ్రమ కంకణం కట్టుకుంది. ఇప్పుడొచ్చే మేలురకం ఫ్యానుకు ముందుగా యాప్ దించుకోవాలి. యాప్‌కు ఫోన్ నంబరు ఇవ్వాలి, దానికి వచ్చిన ఓటీపీ కొట్టాలి, మనం ఎక్కడున్నామో తెలుసుకునేందుకు అనుమతించాలి (ఫ్యాను కిందే ఉన్నామని నోటితో చెబితే చెల్లదు), ఇంటి వై-ఫై పాస్‌వర్డు అప్పగించాలి. ఆ తరువాత గాలి వస్తుంది. అంతటితో అయిందా అంటే, కాదు. అది అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడి బాపతు. పాస్‌వర్డు మార్చినా అలుగుతుంది, రౌటరు మార్చినా అలుగుతుంది, అప్‌డేటు పెట్టకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. ఈ బతిమాలుకోవడానికి సౌకర్యమని పేరు పెట్టి, పాత ఫ్యాను కంటే ఎక్కువ ధర ఇచ్చి మరీ తెచ్చుకుంటున్నాం.

ఈ మాట అన్నవాడికి తక్షణం ఒక జబ్బు అంటగడతారు: పాతకాలం మీద బెంగ. ఆ బెంగతో బతికే వ్యాపారం నిజంగానే ఉంది. రోటిని హాల్లో పెట్టి, నీళ్లు పోసి, గులాబీ రేకులు తేలేసి, పచ్చడి మాత్రం లోపల మిక్సీలో తిప్పుకునే ఇళ్ల కోసం నడుస్తున్న వ్యాపారమది. దాని జోలికి పోను. నా గొడవ బేరానికి సంబంధించింది. పాత పరికరంతో మన బేరం కొట్లోనే తీరిపోతుంది. డబ్బిచ్చాం, తెచ్చుకున్నాం, ఇక తయారుచేసినవాడు బతికున్నా పోయినా మనకు పనిలేదు. కొత్తదానితో బేరం ఇంటికొచ్చాక మొదలై, వస్తువు ఉన్నంతకాలం సాగుతుంది. ఎక్కడో ఉన్న కంపెనీ మనసు మార్చుకోనంతవరకే అది మన వస్తువు.

ఆ మనసు ఎలా మారుతుందో చూడండి. అమెరికాలో ఇంటి దీపాలనూ ఇతర పరికరాలనూ ఫోన్‌తో నడిపించే రివాల్వ్ అనే పెట్టె ఉండేది, ఖరీదు సుమారు 300 డాలర్లు. ఆ కంపెనీని గూగుల్ కుటుంబంలోని నెస్ట్ 2014లో కొనేసి, 2016 మే నెలలో దాని సర్వర్లు ఆపేసింది. పెట్టెలో తీగ తెగలేదు, చిప్పు కాలలేదు. అయినా ఆ రోజుతో దాని పని సరి. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో కారు సీటు వెచ్చబడాలంటే నెలనెలా చందా కట్టమంది, దక్షిణ కొరియాలో దాదాపు 18 డాలర్లు. సీటు మనదే, సీటులో కుట్టిన వేడి తీగా మనదే, వెచ్చదనం మాత్రం అద్దెకు. లోకం ఆడిపోసుకునేసరికి మరుసటి ఏడాది ఆ ఆలోచన మానుకుంది. ఇక 2025 అక్టోబరు 20న వర్జీనియాలో అమెజాన్ సర్వర్లు మొరాయించినప్పుడు, ఎయిట్ స్లీప్ అనే కంపెనీ అమ్మిన వేల డాలర్ల పరుపులు యజమానుల మాట వినడం మానేశాయి. కొన్ని వేడెక్కి చల్లారనన్నాయి, కొన్ని తలవైపు లేచినవి లేచినట్టే బిగుసుకుపోయాయి. మన నులకమంచానికి ఇంతవరకూ వర్జీనియాతో ఏ లావాదేవీ లేదు.

అయితే ఈ పురాణంలో మకుటాయమానమైన ఘట్టం జ్యూసెరో అనే కంపెనీది. పళ్లూ కూరగాయలూ తరిగి సంచుల్లో నింపి పంపేవారు. ఆ సంచిని పిండే యంత్రం ధర మొదట 699 డాలర్లు, తరువాత 399. దానికి వై-ఫై కావాల్సి వచ్చేది. సంచి మీది కోడు చదివి, గడువు దాటిందని తేలితే పిండనని మొండికేసేది. పెట్టుబడిదారులు ఇందులో సుమారు 12 కోట్ల డాలర్లు పోశారు. 2017 ఏప్రిల్‌లో బ్లూంబర్గ్ విలేకరులు ఆ సంచిని ఒట్టి చేతులతో పిండి చూశారు. యంత్రం కంటే త్వరగానే, ఇంచుమించు అంతే రసం వచ్చింది. సెప్టెంబరుకల్లా కంపెనీ మూతపడింది. పులిహోరకు నిమ్మకాయ పిండిన ఏ చేతిని అడిగినా ఈ పరిశోధన ఫలితం ఉచితంగా చెప్పి ఉండేది. 12 కోట్ల డాలర్లున్న చోట అడగడానికి అలాంటి చెయ్యి దొరకలేదు కాబోలు.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల ఆటబొమ్మలు, ప్రాణంతో పనిపడ్డ చోట కొత్తదే మేలంటారా? అక్కడికే వెళదాం. 2022లో స్వీడన్ మోటారు పత్రిక వీ బిలాగరె ఒక పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ, ఏసీ వేడి పెంచడం, రేడియో మార్చడం లాంటి నాలుగు పనులు చేయాలి. మామూలు బటన్లున్న 2005 నాటి వోల్వోలో అందుకు 10 సెకన్లు పట్టింది, ఈలోగా కారు 306 మీటర్లు పోయింది. పెద్ద తెర ఉన్న కొత్త కార్లలో అట్టడుగున నిలిచినదానికి 44.6 సెకన్లు, 1,372 మీటర్లు. అంటే డ్రైవరు చూపు చెదురుతూ ఉండగా బండి కిలోమీటరు పైనే పోయిందన్నమాట. కారణం కొరుకుడుపడనిదేమీ కాదు. బటను ఎక్కడుందో నాలుగు రోజుల్లో చేతికి అలవాటవుతుంది, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. నున్నటి గాజును వేలు తడిమి గుర్తుపట్టలేదు, కళ్లు వచ్చి సాయం చేయాల్సిందే. అందుకే కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి, ఇండికేటరు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారను, అత్యవసర కాల్ వంటివి చేత్తో నొక్కే మీటలుగా లేని కారుకు అయిదు నక్షత్రాలు కష్టమేనంది. సముద్రం మీద ఇలాంటి తెరలకు చెల్లించిన మూల్యం ఇంకా పెద్దది. 2017 ఆగస్టు 21న అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ సింగపూర్ దగ్గర ఒక చమురు నౌకను ఢీకొంది, 10 మంది నావికులు మరణించారు. నౌకను నడిపే టచ్‌స్క్రీన్లలో అదుపు ఏ తెరకు మారిందో సిబ్బందికి అంతుబట్టలేదు. దర్యాప్తు శిక్షణ లోపంతో పాటు ఆ తెరల అమరికనూ తప్పుపట్టింది. 2019లో అమెరికా నౌకాదళం ఆ తెరల బదులు చేత్తో తోసే పాత తరహా మీటలే పెడతామని ప్రకటించింది.

ఇక అసలు ప్రశ్న, ఎదుటివారు కాచుకుని అడిగేది: అయితే మళ్లీ రుబ్బురోలు దగ్గరికి పొమ్మంటారా? ఎవరు రుబ్బుతారు? న్యాయమైన ప్రశ్న. రోలూ రోకలీ తరతరాల ఆడవాళ్ల రెక్కలు ముక్కలు చేశాయి. రోటి పచ్చడి రుచి గురించి గంటల తరబడి చెప్పేది ఎక్కువగా రోకలి పట్టనివారే. కనుక నా తరఫు సాక్షి రోలు కాదు, మిక్సీ. ఒక మోటారు, మూడు స్పీడుల బిళ్ల, అడుగున ఎర్ర మీట. పప్పు బిగుసుకుని మోటారు ఆగిపోతే గిన్నె తీసి, అడుగున ఆ మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది. కుక్కరు మరీ ఘటికురాలు. లోపల ఆవిరి పీడనం పెరిగితే నీరు 120 డిగ్రీల దాకా మరుగు పట్టదు, పీడనం హద్దు దాటితే పైనున్న బరువు లేచి కూత పెడుతుంది. ఆ బరువు చిప్పు లేని సెన్సరు, ఆ కూత నెట్ అక్కర్లేని నోటిఫికేషను. అది పక్కగదికీ, పక్కింటికీ కూడా అందుతుంది. రబ్బరు వాషరు సాగిపోతే బజారులో ఇంకోటి తెచ్చుకుంటాం. సరళమైన వస్తువంటే శ్రమ పెట్టేది అని అర్థం చెప్పుకోవడం దుకాణదారు నేర్పిన పాఠం. వాడేవాడికి అర్థమయ్యేది, వీధి చివరి మనిషి బాగుచేయగలిగేది సరళమైన వస్తువు, దాని వయసు ఎంతైనా కానివ్వండి.

కరెంటు ఆదా మాటేమిటి అంటారు. నిజం, మామూలు ఫ్యాను 75 వాట్లు లాగే చోట, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను 30 వాట్ల చిల్లరతో తిరుగుతుంది. దాన్ని కాదనేవాడికి కరెంటు బిల్లే జవాబు చెబుతుంది. కానీ ఆ ఆదా చేసేది మోటారు. రిమోటూ యాపూ ఆ మోటారు భుజమెక్కి పేరు కొట్టేస్తున్నాయి. గోడ రెగ్యులేటరుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లూ బజారులో ఉన్నాయి. మంచాన పడ్డవారికీ, చూపు లేనివారికీ నోటిమాటతో దీపం వెలగడం గొప్ప మేలే, ఇందులో వెటకారానికి తావు లేదు. ఆ ఏర్పాటు ఉంచండి, గోడ మీద స్విచ్చి మాత్రం పీకకండి. రిమోటు మంచం కింద దొర్లిపోయిన రాత్రి ఇంటికొచ్చిన చుట్టానికి కూడా గాలి కావాలి.

బాగుచేత దగ్గరే తేడా నగ్నంగా కనిపిస్తుంది. పాత ఫ్యాను నెమ్మదించిందంటే కండెన్సర్ పోయిందని ఇంట్లో పెద్దవాళ్లే చెప్పేవారు. కొన్ని పదుల రూపాయలతో ఎలక్ట్రీషియన్ మార్చి వెళ్లేవాడు. కొత్తది ఆగిపోతే సర్వీసు సెంటరు మనిషి వచ్చి “బోర్డు పోయిందండీ” అంటాడు. ఆ తీర్పు మీద అప్పీలుకు పై కోర్టు లేదు. ఆ బోర్డు దొరికితే ధర కొత్త ఫ్యానును తలపిస్తుంది, దొరక్కపోతే ఆ మోడలు ఆపేశారంటారు. వస్తువు సామర్థ్యం పెరగడమంటే దాన్ని విప్పగల మనుషులు తగ్గిపోవడం అని ఎవరూ శాసనం చేయలేదు. ఇది కంపెనీలు తమ లాభం కోసం ఎంచుకున్న పద్ధతి.

నిబంధనలతో ఈ పద్ధతిని మార్చవచ్చు. 2023 జనవరి నుంచి మన దేశంలో సీలింగు ఫ్యానుకు కరెంటు పొదుపు నక్షత్రాలు తప్పనిసరి. ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల వంటి వాటి మీద బాగుచేయడానికి ఎంత వీలుందో పదికి ఇన్ని మార్కులని ముద్రించాలన్న నిబంధన పెట్టారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మరమ్మతు హక్కు మీద 2022లోనే కమిటీ వేసింది, ఆ ఏడాది చివర పోర్టల్ తెరిచింది. పోర్టల్ సంగతి అలా ఉంచి, ఫ్యాను పెట్టె మీద నక్షత్రాల పక్కనే ఆ మార్కులూ అచ్చు వేయించాలి. నెట్ లేకుండా ఇది నడుస్తుందా, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అన్న రెండు సంగతులూ తెలుగులో రాయించాలి. అంతవరకూ దసరా తగ్గింపుల్లో కొట్టుకు వెళ్లేవారు ఆ రెండు ప్రశ్నలూ నోటితోనే అడగండి. జవాబు చెప్పకుండా యాప్ తెరిచి చూపించబోతే, పక్కకొట్టుకు నడవండి.