బడికి రాజకీయాలు తెలియవట!

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్ శివారు ఊళ్లలో ఇళ్లముందు గడ్డిలో అట్టబోర్డులు మొలుస్తాయి. ప్రతి బోర్డు మీదా ఒక పేరు, దాని కింద ‘పిల్లలే ముందు’ లాంటి ఒక మాట, ఆ కింద స్కూల్ బోర్డుకు పోటీ అన్న సంగతి. పార్టీ పేరు ఉండదు. గుర్తు ఉండదు. ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని కదిపి చూడండి. ‘అబ్బే, ఇది రాజకీయం కాదండీ, నేను ఇద్దరు పిల్లల తల్లిని, అంతే’ అంటుంది. పిల్లల్ని వెనక్కి నెడతానని పోటీ చేసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు గనక ఆ నినాదంతో పేచీ పెట్టుకోవడం కూడా కుదరదు.

చట్టం ఆమె పక్షానే ఉంది. టెక్సాస్‌లో ఒక్కో బడి జిల్లాకు, అక్కడివాళ్లు ఐఎస్‌డీ అంటారు, మామూలుగా ఏడుగురు ట్రస్టీలు. జీతం లేదు. బ్యాలెట్ మీద పార్టీ లేదు. సూపరింటెండెంటును పెట్టుకునేదీ పంపించేదీ వాళ్లే. కోట్ల డాలర్ల బడ్జెట్‌కు చెయ్యెత్తేది వాళ్లే. ఇంటి పన్నులో బడి వాటా ఎంతో తేల్చేది, ఏ వీధి పిల్లలు ఏ బడికి పోవాలో గీత గీసేది, లైబ్రరీలో ఏ పుస్తకం ఉండొచ్చో నిర్ణయించేది కూడా వాళ్లే. డబ్బు, సరిహద్దు, పుస్తకం, అప్పుడప్పుడూ దేవుడు, ఇన్నీ ఒకే బల్ల మీద పరుచుకుని కూర్చుని, ఇక్కడ రాజకీయం లేదనే మనుషుల్ని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఈ నాటకం కొత్తేమీ కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సర్పంచి ఎన్నిక పార్టీరహితమే. బ్యాలెట్ మీద ఉంగరమో కత్తెరో ఉంటుంది. లెక్కింపు పూర్తయిన రాత్రే మావాళ్లు ఇన్ని ఊళ్లు గెలిచారంటే మావాళ్లు ఇన్ని గెలిచారని పార్టీలన్నీ పత్రికలవాళ్లకు చిట్టాలు చదువుతాయి. తెల్లారేసరికి గెలిచినాయన మెడలో కండువా. కాకపోతే మన ఊళ్లో ఎవరు ఏ పార్టీయో చంటిపిల్లకు కూడా తెలుసు. అమెరికా శివారులో ఆ సంగతి అభ్యర్థికి తెలుసు, చందా ఇచ్చినాయనకు తెలుసు, తలుపులు తట్టే కార్యకర్తకు తెలుసు. తెలియనిది ఓటరుకే.

సౌత్‌లేక్ సంగతి తీసుకుందాం. డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ ఉన్న ఊరు, టెక్సాస్ మొత్తంలో బాగా డబ్బున్న ఊళ్లలో ఒకటి. దాని బడి జిల్లా పేరు క్యారొల్. 2018లో అక్కడి తెల్ల విద్యార్థులు కొందరు నల్లవాళ్లను తిట్టే ఆ పాడుమాటను కేరింతలతో అరుస్తున్న వీడియో బయటపడింది. ఊరు సిగ్గుపడింది. సాటివాళ్లతో ఎలా మెలగాలో పిల్లలకు నేర్పాలంటూ 2020లో ఒక ప్రణాళిక ముసాయిదా తయారైంది. అప్పటికి ఊరికి సిగ్గు తీరిపోయినట్టుంది. ‘సౌత్‌లేక్ ఫ్యామిలీస్’ అని ఒక ఎన్నికల నిధి కమిటీ లేచింది. పేరు చూశారా? కుటుంబాలు! కుటుంబాలకు ఎదురు నిలబడేవాడు ఎక్కడైనా ఉంటాడా? 2021 మే 1న ఆ కమిటీ నిలబెట్టినవాళ్లు దాదాపు 70 శాతం ఓట్లతో గెలిచారు. ఓ చిన్న ఊరి బడి ఎన్నిక జాతీయ వార్త అయింది. ఎన్‌బీసీ ఏకంగా పాడ్‌కాస్ట్ ధారావాహికే తీసింది. రాజకీయం కాకపోతేనే ఇంత హడావిడి, అయ్యుంటే ఏమయ్యేదో!

నాలుగో తరగతి టీచరు ఒకామె తన గదిలో జాతి వివక్షను తప్పుపట్టే పుస్తకం ఉంచిందని అంతకుముందే ఒక విద్యార్థి తల్లిదండ్రుల ఫిర్యాదు. జిల్లా విచారించి, టీచరు తప్పేం లేదంది. ఆ అక్టోబరులో బోర్డు మాత్రం 3–2 ఓట్లతో ఆమెను మందలించింది. అదే నెలలో పాఠ్యప్రణాళిక అధికారిణి ఒకరు టీచర్లకు శిక్షణ ఇస్తూ, రాష్ట్రం కొత్తగా తెచ్చిన చట్టాన్ని గుర్తుచేసి, హోలోకాస్ట్ మీద పుస్తకం పెడితే దానికి ఎదుటి దృక్పథం చెప్పే పుస్తకం కూడా పక్కన పెట్టమన్నారు. ఆ రికార్డింగు బయటికి పొక్కింది. సూపరింటెండెంటు క్షమాపణ చెప్పుకున్నారు. అరవై లక్షల మంది యూదుల్ని చంపడానికి ఎదుటి దృక్పథం ఏ షాపులో దొరుకుతుందో మాత్రం పాపం టీచర్లకు ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఏడు కథలోకి ఒక సెల్‌ఫోన్ కంపెనీ దిగింది. నిజంగానే. పక్కనే ఉన్న గ్రేప్‌వైన్ ఊరి కంపెనీ, పేట్రియట్ మొబైల్. దేశంలో క్రైస్తవ సంప్రదాయవాద ఫోన్ సర్వీసు తమదొక్కటేనని చెప్పుకుంటుంది. దాని ఎన్నికల నిధి 2022 మేలో క్యారొల్, కెల్లర్, గ్రేప్‌వైన్–కాలీవిల్, మ్యాన్స్‌ఫీల్డ్ జిల్లాల్లో 11 మందిని బలపరిచి, వాళ్ల మీద సుమారు 6 లక్షల డాలర్లు గుమ్మరించింది. పదకొండుకు పదకొండూ గెలిచారు. జీతం లేని పదవి కోసం, పార్టీ లేని ఎన్నికలో, సిమ్‌కార్డులు అమ్ముకునేవాళ్లు తలకు 50 వేల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారంటే, అది పిల్లల లెక్కల మార్కులు పెంచడానికేనని నమ్మేవాళ్లు ఉండొచ్చు. అలాంటివాళ్లకు ఇల్లు అమ్మడం చాలా తేలిక.

గెలిచి మూడు నెలలు దాటగానే ఆగస్టులో ఆ కంపెనీ క్యారొల్ బడులకు పోస్టర్లు దానం చేసింది. వాటి మీద ‘దేవుడే మాకు నమ్మకం’ అని దేశపు అధికారిక వాక్యం. అంతకుముందు ఏడాది టెక్సాస్ ఒక చట్టం చేసింది: ఆ వాక్యమున్న పోస్టరును ఎవరైనా దానమిస్తే బడి దాన్ని అందరికీ కనబడేచోట పెట్టి తీరాలి. సరే. భారతీయ మూలాలున్న ఒక తండ్రి బోర్డు సమావేశానికి అదే వాక్యాన్ని అరబిక్ లిపిలోనూ, ఇంద్రధనుస్సు రంగుల్లోనూ రాయించిన పోస్టర్లు పట్టుకెళ్లాడు. దానం పుచ్చుకోమన్నాడు. బోర్డు పుచ్చుకోలేదు. ఉన్నవి చాలన్నారు. దేవుడి మీద నమ్మకం కూడా స్టాకు ఉన్నంతవరకే. ఆయన ఎవరో గానీ, వెయ్యి వ్యాసాలు చెయ్యలేని పని ఒక పోస్టరుతో చేశాడు.

కెల్లర్‌లో ఇంకో తమాషా. కొత్త బోర్డు వచ్చి పుస్తకాల నియమాలు మార్చింది. ఆగస్టులో, బడి తెరిచే ముందు, కిందటేడు ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పిన 41 పుస్తకాలను మళ్లీ పరిశీలించేదాకా అలమరల్లోంచి తీసేయమని ఉత్తర్వు పోయింది. ఆ జాబితాలో అన్నా ఫ్రాంక్ డైరీ బొమ్మల రూపం ఉంది. బైబిలూ ఉంది. క్రైస్తవ విలువల కోసం ఫోన్ కంపెనీ అన్ని డాలర్లు పోసి గెలిపించుకున్న బోర్డు హయాంలో లైబ్రరీ నుంచి సెలవు పుచ్చుకున్నది బైబిలు! తర్వాత తిరిగి పెట్టారనుకోండి.

2025 జనవరికి అదే జిల్లా పుస్తకాలు వదిలి భూగోళంలోకి దిగింది. 377 నంబరు హైవే గీతగా, జిల్లాను రెండు ముక్కలు చెయ్యాలని ట్రస్టీలు కొందరు ఆలోచన తెచ్చారు. తూర్పున కెల్లర్ ఊరు, కలిగినవాళ్లు. పడమర ఫోర్ట్‌వర్త్ వైపు, అంతగా లేనివాళ్లు, రకరకాల రంగులవాళ్లు. ఈ విషయం ఓటర్లను అడగాలా వద్దా అన్నదే పెద్ద గొడవయింది. సూపరింటెండెంటు రాజీనామా చేశారు, పిల్లలు తరగతులు వదిలి బయటికొచ్చారు. మార్చిలో బోర్డు ఆ ఆలోచన మానుకుంది. ఎందుకట? జనం వద్దన్నందుకని కాదు, జిల్లా అప్పును రెండుగా పంచే దారి దొరకలేదట. అన్నదమ్ముల వాటాల తగువు చూసినవాళ్లకు ఈ ముగింపు వింతగా ఉండదు.

టెక్సాస్ మీదే పడ్డానని అనుకోకండి. ఫ్లోరిడాలో స్కూల్ బోర్డు ఎన్నిక రాజ్యాంగం ప్రకారమే పార్టీరహితం. 2022లో అక్కడి గవర్నర్ రాన్ డిసాంటిస్ ఈ పార్టీరహిత అభ్యర్థుల్లో 30 మందికి తన పేరుతో ఆశీస్సులిచ్చాడు. పార్టీ గుర్తు ముద్రించుకోనివ్వండని 2024లో ఓటుకు పెడితే సగం మందికి పైగా సరే అన్నారు, కానీ 60 శాతం కావాలి గనక వీగిపోయింది. పెన్సిల్వేనియావాళ్లది మరీ సొగసైన ఏర్పాటు. అక్కడ ఒకే అభ్యర్థి రెండు పార్టీల ప్రైమరీల్లోనూ పేరు వేసుకోవచ్చు. గోడమీది పిల్లికి చట్టమే గోడ కట్టించి ఇచ్చిందన్నమాట. ఆ రాష్ట్రంలోనే, ఫిలడెల్ఫియా శివారు సెంట్రల్ బక్స్ జిల్లాలో 2023 నవంబరులో డెమోక్రాట్లు ఐదు స్థానాలూ ఊడ్చేశారు. ఓడిన పక్షం కుర్చీ ఖాళీ చేసే లోపల తమ సూపరింటెండెంటుకు 7 లక్షల డాలర్లకు పైగా వీడ్కోలు కానుక ఇచ్చి మరీ పోయింది.

అవతలివాళ్లు మాత్రం మునులేం కాదు. టీచర్ల యూనియన్లు దశాబ్దాలుగా ఈ ఎన్నికల్లో తమ మనుషుల్ని నిలబెడుతూనే ఉన్నాయి, డబ్బు పంచుతూనే ఉన్నాయి. తమతో జీతాల బేరం ఆడాల్సినవాళ్లను తామే ఎన్నుకునే సదుపాయం ఏ కార్మికుడికైనా తీపే. వర్జీనియాలో పోలింగ్ కేంద్రం బయట నిలబడి చూడండి. బ్యాలెట్ మీద పార్టీ ఉండదు గానీ, ఎవరికి వెయ్యాలో చెప్పే నమూనా కాగితాలు ఎర్రవి ఒక చేతిలో, నీలివి ఒక చేతిలో పెడతారు. లోపల ముసుగు, గుమ్మం బయట మేళం.

ఈ ముసుగును కాపాడాలనే పెద్దమనుషుల వాదన కూడా విన్నాను. పార్టీ పేరు వేస్తే బడిలోకి పార్టీలు వస్తాయట. వచ్చి కూర్చుని, కాఫీ తాగి, బడ్జెట్ పాస్ చేసి చాలా కాలమైంది మహాప్రభో! ఇప్పుడు పేరు అచ్చువేస్తే జరిగే నష్టమల్లా ఓటరుకు కూడా తెలిసిపోవడమే. పేరు లేకపోవడం వల్ల ఎవరికి లాభమో పోలింగ్ లెక్క చెబుతుంది. పెద్ద ఎన్నికలతో కలపకుండా మే నెల శనివారం నాడు విడిగా పెట్టే ఈ ఓటింగుకు చాలాచోట్ల పదిశాతం మంది కూడా రారు. పోటీ లేకపోతే టెక్సాస్ చట్టం ఎన్నికనే రద్దుచేసి అభ్యర్థి గెలిచాడని ప్రకటించనిస్తుంది. మన ఏకగ్రీవమే. కాకపోతే మన దగ్గర ఏకగ్రీవానికి ఊరికి నజరానా అయినా ఇస్తారు.

ఇక మనవాళ్లు. ఫ్రిస్కో, కొపెల్, ఇర్వింగ్ చుట్టూ తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేది బడి రేటింగు చూసి. పడకగదులెన్ని అన్నది తర్వాతి మాట. ఆ ఇంటి పన్నులో పెద్ద వాటా బడికే పోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నాయన ఆ పన్ను అణాపైసలతో కడతాడు, ఓటు మాత్రం లేదు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి ఉంది గనక ఆయన వంతు వచ్చి, ఆపైన పౌరసత్వం వచ్చేసరికి, ఎల్‌కేజీలో చేర్చిన పిల్లవాడు కాలేజీ దాటిపోయి ఉంటాడు. పౌరులు కాని తల్లిదండ్రులకు స్కూల్ బోర్డు ఓటు ఇవ్వొచ్చని శాన్‌ఫ్రాన్సిస్కో 2016లో తీర్మానించింది. టెక్సాస్‌లో ఆ మాటెత్తితే ఏమంటారో మీరే ఊహించుకోండి. ఓటు లేని ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు పౌరసత్వం వచ్చి పదేళ్లయినవాళ్ల మీద. వీళ్లు మాటకు ముందు ‘మనకెందుకండీ ఈ రాజకీయాలు’ అంటారు. వీకెండ్ పార్టీలో బిర్యానీ ముందు కూర్చుని మాట్లాడేది మాత్రం పిల్లల క్లాస్ ర్యాంకు. మాట్లాడక ఎలా, 1997 నాటి చట్టం వల్ల టెక్సాస్‌లో పై 10 శాతం పిల్లలకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు గ్యారంటీ. ఆస్టిన్‌లోని పెద్ద విశ్వవిద్యాలయం ఆ గీతను 6కు, 2026 నుంచి 5కు బిగించింది. పక్కింటి పిల్ల జీపీఏలో పాయింటు ఎలా పెరిగిందని రాత్రి పన్నెండు దాకా వాట్సాప్‌లో పరిశోధన సాగుతుంది. ఏ కోర్సుకు ఎంత వెయిటేజీ, ర్యాంకు ఎలా కట్టాలి అన్న నియమం రాసేది ఏ ఢిల్లీ వాడో ఆస్టిన్ వాడో కాదు, ఆ ఏడుగురు ట్రస్టీలే. మన ఇంటిని వేరే బడి గీతలోకి నెట్టి, దాని ధర తగ్గించగలిగేది కూడా వాళ్లే. వాళ్ల పేర్లు చెప్పమంటే మనాయన ఆకాశం కేసి చూస్తాడు. ఐపీఎల్ జట్టులో పదకొండు మంది పేర్లు నిద్రలో లేపినా చెప్పగలడు.

పార్టీ ముద్రించరు గనక పని మనమే చెయ్యాలి. అభ్యర్థికి చందా ఇచ్చినవాళ్ల జాబితా జిల్లా కార్యాలయంలో ఉంటుంది, అడిగితే చూపించాలి, అది చట్టం. ఒక సాయంత్రం దాన్ని చదవండి. ‘నేను తల్లిని మాత్రమే’ అన్నావిడకు ఎవరెవరు పుట్టింటివాళ్లో అందులో ఉంటుంది. ఆపైన మీకు నచ్చినవాళ్లకే వెయ్యండి, నాకు అభ్యంతరం లేదు. మే నెల ఎన్నిక మొదటి శనివారం. ఓటరుగా నమోదుకు గడువు దానికి 30 రోజుల ముందే ముగుస్తుంది.